మూత తీయని సీసా

సంచి పక్కజేబులో చెయ్యి పెడితే వేళ్ళకి గాజు తగిలింది, నేను నవ్వాను, నవ్వానని బాగా గుర్తుంది, ఎందుకంటే పక్కన కూర్చున్న అత్తయ్య "ఏం పెట్టాడే ఇవాళ?" అంది. ఆవిడ ఒక కంటి మీద ప్లాస్టిక్ డిప్ప, రెండో కన్ను చిన్నప్పుడు దెబ్బ తగిలినప్పటి నుంచీ వెలుగూ చీకటీ తప్ప ఇంకేదీ పట్టించుకోనిది, అయినా నా నవ్వు ఆవిడకి ఎలా తెలిసిపోతుందో నాకు తెలియదు. పెళ్ళయి ఇరవై రెండు రోజులు. ఈ ఇరవై రెండు రోజులూ మా ఆయన, ఈ మాట ఇంకా కొత్త చెప్పుల్లా కిర్రుమంటోంది నోట్లో, మా ఆయన రోజూ పొద్దున్నే నా సంచిలో ఏదో ఒకటి దాచిపెడతాడు, ఒకరోజు చాక్లెట్టు, ఒకరోజు తను బాగుచేసిన పాత లిఫ్టులోంచి ఊడిన మూడో అంతస్తు బొత్తాం, మొన్న బఠాణీ గింజంత గంట, అది మోగుతూ ఉంటే ఆస్పత్రి అంతా నా వెనక పిల్లి తిరుగుతోందని వెతికారు. ఇవాళ గాజు. సెంటు సీసా కాబోలు అనుకున్నాను, ఇంత చిన్న సెంటు సీసా ఎక్కడ దొరికింది ఈ మనిషికి అనుకున్నాను, బయటికి తీశాను. రబ్బరు బిరడా. దాని మీద వెండిరంగు రేకు. రేకు చెక్కు చెదరలేదు. లోపల నీళ్ళలా కనిపించేవి కాసేపు ఊగి ఆగాయి. సీసా మీద అక్షరాలు చదవక్కర్లేదు నాకు, రెండో భాగం, మొదటి భాగంతో కలిపి వాడాలి, అని ఉంటుంది. గోడ గడియారంలో ఎనిమిదీ ఐదు. తొమ్మిదింటికి డాక్టరమ్మ వచ్చి అత్తయ్య కంటి కట్టు విప్పుతుంది.

"చాక్లెట్టేనా?" అంది అత్తయ్య. "ఆఁ" అన్నాను. ఎందుకన్నానో.

ఇది ఇంకెవరిదో అయి ఉండాలి. ఇంకో రోజుది. అలా అనుకోవడానికి చాలా కష్టపడ్డాను, లోపల ఒక చిన్న గుమస్తాలాంటిది కూర్చుని కాగితాలు తిరగేస్తూ వేరే రోజు ఉందేమో అని వెతికింది, లేదు, ఈ నెలలో రెండు భాగాల సీసా వాడింది ఒక్కసారే, నిన్ననే, ఒక్కరికే. నిన్న మా కంటి ఆస్పత్రి థియేటర్లో ఆరు ఆపరేషన్లు. వాటిలో ఐదు ఆపరేషన్లకి మామూలు ద్రవం, ఒకటే సీసా, మూత తీయడం, గొట్టం గుచ్చడం, స్టాండుకి తగిలించడం, నిద్రలో లేపి అడిగినా చేసేస్తాను. శుక్లం తీస్తున్నంతసేపూ కన్ను ముడుచుకుపోకుండా ఆ ద్రవం ఒకవైపు నుంచి లోపలికీ ఇంకోవైపు నుంచి బయటికీ పారుతూనే ఉండాలి, పారుతూ పారుతూ నల్లగుడ్డు ముందున్న అద్దం లాంటి పొర వెనకవైపుని తడుపుతూ పోతుంది, అక్కడ ఉంటాయి కణాలు, ఒకే ఒక్క వరస, తేనెపట్టు గదుల్లా ఆరేసి మూలలతో, పగలనకా రాత్రనకా నీళ్ళు తోడి బయటపోస్తూ, అవి తోడడం ఆపేస్తే అద్దం ఉబ్బి బాత్రూం కిటికీ గాజులా మసకేసిపోతుంది. పోయిన కణం మళ్ళీ పుట్టదు. మామూలుగా చదరపు మిల్లీమీటరుకి రెండున్నర వేలు. అత్తయ్యకి తొమ్మిది వందల ఎనభై. ఆ అంకె చూసి డాక్టరమ్మ పెదవి విరిచి, "మీ అత్తగారికి మామూలుది వద్దు, రెండు భాగాలది తెప్పించు" అంది, నేనే స్టోరుకి పరిగెత్తాను, నేనే సంతకం పెట్టాను, ఆ పెట్టె గుండెకి హత్తుకుని మెట్లెక్కాను, ఎంత సంతోషం, మా అత్తయ్యకి మంచిది తెస్తున్నాను అని, మెట్ల దగ్గర ఊడ్చే ఆవిడ "ఏంటమ్మా, చీర కొనుక్కున్నావా?" అని అడిగింది కూడా.

పెద్ద సీసాలో ఉప్పులు. చిన్న సీసాలో చక్కెర, కాల్షియం, కణాల్ని కాపాడే ఇంకో రెండు మూడు. కాల్షియం లేకుండా ద్రవం పారితే కణాలు ఒకదాని చెయ్యి ఒకటి వదిలేస్తాయి అని శిక్షణలో చెప్పినప్పుడు నేను నోట్సులో ఆరు మూలల బొమ్మలు గీసి వాటికి చేతులు పెట్టాను, చేతులు పట్టుకున్నట్టు, కళ్ళూ నోళ్ళూ కూడా పెట్టాను, ఒకదానికి జడ వేశాను. పెళ్ళికి ముందు మా ఆయనకి ఆ పుస్తకం చూపిస్తే జడ ఉన్నదాన్ని చూపించి "ఇది నువ్వా?" అన్నాడు, "మరి పక్కన చెయ్యి పట్టుకున్నవాడు?" అన్నాడు, ఆ రోజే నేను ఖాయం చేసుకున్నాను ఇతనే అని. ఇప్పుడు ఆ బొమ్మలో చేతులు ఊడిపోతున్నాయి. ఒక్కొక్కటీ. పద్దెనిమిది నిమిషాలు పారింది నిన్న, డాక్టరమ్మ మెల్లగా చేసింది, జాగ్రత్తగా చేసింది, జాగ్రత్తగా చేసినంతసేపూ పారింది.

చల్లగా ఉందని జేబులో వేసుకున్నాను. అంతే. స్టోరుగది చల్లగా ఉంటుంది, చిన్న సీసా మంచుముక్కలా ఉంది, అత్తయ్య కంట్లోకి ఇంత చల్లగా పోతే ఎలా అని కోటు జేబులో వేసుకుని కాసేపు గుప్పిట్లో పట్టుకున్నాను, ఇంకెవరి కోసమూ చెయ్యని పని, పెద్ద సీసాలో కలిపితే ఆ చల్లదనం ఎటూ లెక్కలోకి రాదని తెలిసి కూడా చేశాను, ముద్దు కొద్దీ చేశాను. మా థియేటర్లో ఒక పద్ధతి ఉంది, హెడ్ సిస్టర్ పెట్టింది, రెండో భాగం కలిపినవాళ్ళు గట్టిగా "కలిపాను" అనాలి, అది విని ఆవిడ ఎర్ర టేపు మీద టైము రాసి సీసాకి అంటిస్తుంది, టేపు అంటించాకే గొట్టం తెరవాలి. మంచి పద్ధతి. నేను పెద్ద సీసాని స్టాండు దగ్గరికి తెచ్చాను, జేబులో చెయ్యి పెట్టబోతున్నాను, అప్పుడు డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ "ఏం కొత్త కోడలా, అత్తగారి కన్ను కదా, చేతులు వణుకుతున్నాయా?" అంది. నేను ఊరుకోవచ్చు కదా. "వణికితే అత్తయ్య వణకాలి డాక్టరమ్మా, పక్కన కోడలుంది" అన్నాను. అందరూ నవ్వారు, గుడ్డ కింద పడుకున్న అత్తయ్య కూడా "దీని నోటికి కూడా ఒక మత్తుసూది వెయ్యండమ్మా" అంది, ఇంకా నవ్వారు, ఆ నవ్వు మధ్యలో హెడ్ సిస్టర్ టేపు చింపుతూ "కలిపావా?" అంది, నేను అదే నవ్వుతో "కలిపాను" అన్నాను. అబద్ధం ఆడలేదు. అదే భయంగా ఉంది, అబద్ధం ఆడినట్టు లేదు నాకు, కలిపినట్టే ఉంది, బిరడా స్పిరిటుతో తుడిచినట్టూ, సూది గుచ్చినట్టూ, సీసాని రెండుసార్లు తలకిందులు చేసినట్టూ, ఇప్పుడు కళ్ళు మూసుకున్నా నా చేతులకి గుర్తుంది, ఇదివరకు చేసిన వందసార్లలోంచి ఏదో ఒక సారిని తెచ్చి నిన్నటి చోట పెట్టేశాయి నా చేతులు. సాయంత్రం గేటు దగ్గర మా ఆయన హారన్ కొడుతుంటే జేబులో ఉన్నవన్నీ గుప్పెడుగా సంచిలో పోసుకుని పరిగెత్తాను, పెన్ను, టేపు, చాక్లెట్టు కాగితం, ఇది.

ఎనిమిదీ పదహారు. ఎదురు బెంచీ మీద ఒకాయన కంటి చుక్కల కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని చదువుతున్నాడు. నేల తుడిచిన తడి ఇంకా ఆరలేదు, అందులో ట్యూబులైటు పడుకుని ఉంది. ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన నాదే, ఇంకెవరో వచ్చి నా తలలో పెట్టలేదు. ఎర్ర టేపు మీద పదకొండూ నలభై అని హెడ్ సిస్టర్ చేత్తోనే రాసి ఉంది, ఆ సీసా నిన్ననే చెత్తలోకి పోయింది, రిజిస్టరులో "కలిపారు" అని ఉంది. ఈ బుల్లి సీసా అదిగో ఆ మూల పసుపురంగు చెత్తడబ్బాలో వేస్తే ఒక్క చిన్న టక్ మని చప్పుడు. కణాలు తక్కువున్న కన్ను, మసకేయచ్చు అని డాక్టరమ్మ ముందే చెప్పింది, ఆ కాగితం మీద మా ఆయన సంతకం పెట్టాడు, పెట్టి "మా ఆవిడే ఉంటుంది కదండీ లోపల" అన్నాడు, అంత గర్వంగా అన్నాడు, నేను సిగ్గుపడి గోడ మీద క్యాలెండరు చూశాను. మసకేస్తే ఆ కాగితమే అన్నిటికీ జవాబు చెప్పుకుంటుంది. పసుపు డబ్బా ఏడు అడుగుల దూరంలో ఉంది. తొమ్మిది. లెక్కపెట్టకూడదు.

"రాత్రి కన్ను కొంచెం బరువుగా ఉందన్నాను కదా," అంది అత్తయ్య, "ఇప్పుడు కూడా అట్లాగే ఉంది. ఇసకేసినట్టు." రాత్రి నేను ఏమన్నాను, అలాగే ఉంటుంది అత్తయ్యా అన్నాను, వంటగదిలో స్టూలెక్కి డబ్బాలు సర్దుతూ వెనక్కి తిరక్కుండానే అన్నాను, నాకు అప్పుడు ఆ డబ్బాలకి చీటీలు అంటించడం ప్రపంచంలో అన్నిటికన్నా అందమైన పనిగా ఉంది. ఇప్పుడు నోరు తెరిచాను. నోట్లోంచి "పొద్దున నొప్పి మాత్ర వేసుకున్నావు కదా" అని వచ్చింది. వేసుకుంది. నేనే ఇచ్చాను. ఆ చేత్తోనే.

అత్తయ్యది చిరిగిన బట్టని చిరిగినట్టు తెలియకుండా కుట్టే పని. మంచి కోటు మీద సిగరెట్టు నిప్పు పడిందనుకో, చొక్కాకి మేకు తగిలిందనుకో, తెస్తారు, ఆవిడ లోపలి మడతలోంచి అదే దారం లాగి ఆ చిల్లు మీద నేస్తుంది, అడ్డం, నిలువు, అడ్డం, నిలువు, అయిపోయాక ఎక్కడ చిరిగిందో తెచ్చినవాళ్ళకే దొరకదు. నలభై ఏళ్ళు ఒక్క కంటితో. ఆ కన్ను మసకేసి ఎనిమిది నెలలుగా మిషను మీద గుడ్డ కప్పి ఉంది. దారం అందనప్పుడు ఏం చేస్తావత్తయ్యా అని కొత్తలో అడిగాను, "పక్క దారాల్ని బతిమాలి కొంచెం కొంచెం జరుపుతాను, అవి సాగి ఆ చోటు కప్పేస్తాయి, ఎక్కువ చిల్లయితే ఎంత బతిమాలినా రావులే" అంది. నేను గంతేసినంత పని చేసి, కంట్లో కణాలూ అంతే అత్తయ్యా, ఒకటి పోతే పక్కవి సాగి ఆ చోటు కప్పుతాయి అని చెప్పాను, ఆవిడ "అయితే నా కంట్లో కూడా ఒకత్తి కూర్చుని కుడుతోందన్నమాట" అని ఎంత మురిసిపోయిందో. వేరే పెద్ద ఆస్పత్రికి వెళ్దామని మా ఆయన అంటే వినలేదు. "నా కోడలు ఉన్నచోటే. దాని మొహం సరిగ్గా చూడాలి నేను, పెళ్ళినాడు మంచులో నిలబడ్డట్టుంది, కాస్త లావో సన్నమో కూడా తెలియలేదు." అందరికీ చెప్పుకుంది ఆ మాట, గుండీలమ్మే ఆవిడకీ, ఇస్త్రీ ఆయనకీ, నేను సిగ్గుతో చచ్చాను, సంతోషంతో కూడా.

ఎనిమిదీ ఇరవై తొమ్మిది. ఫోను బుర్రుమంది, మెసేజు. మా ఆయన. నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఉన్నాను, అమ్మ కట్టు విప్పారా, విప్పగానే ముందు నిన్నే చూడాలట, పౌడరు రాసుకున్నావా. కింద ఒక నవ్వు బొమ్మ. రెండు అంతస్తుల మధ్య తాడు పట్టుకుని నవ్వుతున్న మనిషి. ఇవాళ సంచిలో ఏం పెట్టాడో నేను ఇంకా చూడనే లేదు. ఇంకెక్కడో అడుగున ఉండి ఉంటుంది.

"ఆ చాక్లెట్టు తింటావా, చేతిలోనే కరిగిస్తావా?" అంది అత్తయ్య, నా గుప్పిటి మీద చెయ్యి వేసి. "ఇంత చల్లగా ఉందేంటే చెయ్యి?" గుప్పిట విప్పింది. నేను విప్పనిచ్చాను. ఇది చెప్పాలి, నేను ఇవ్వలేదు, దాచనూ లేదు, ఆవిడ వేళ్ళు వచ్చి తీసుకున్నాయి, అంతే నా ధైర్యం. ఆ వేళ్ళు దాన్ని తిప్పి చూశాయి, గుడ్డని చూసినట్టు, అడుగు, మెడ, మూత, మూత అంచు చుట్టూ గోరు ఒక చుట్టు తిరిగింది.

"మందు సీసా. రేకు కూడా తీయలేదే."

"తీయలేదు."

"ఎవరిది?"

నీదత్తయ్యా అన్నాను. నిన్న నీ కంట్లో పారిన దాంట్లో ఇది కలపాలి, కలిపానని చెప్పాను, కలపలేదు, అన్నాను, నాలుగు ముక్కలు, మధ్యలో ఏడుపు లేదు ఏమీ లేదు. అత్తయ్య సీసాని పట్టుకునే ఉంది. ఎదురు బెంచీ ఆయన కాగితం దించి మా వైపు చూసి మళ్ళీ ఎత్తుకున్నాడు. నన్ను కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను, లేకపోతే ఫర్వాలేదులే అంటుందేమో అని దానికీ భయపడ్డాను, ఫర్వాలేదు అనగానే నేను ఆ మాట పట్టుకుని వేలాడతానని నాకు తెలుసు. రెండూ చెయ్యలేదు. ఆవిడ డిప్ప ఉన్న మొహం తిన్నగా గోడకేసి పెట్టి కూర్చుంది, బొటనవేలు మాత్రం మూత అంచు మీద తిరుగుతూనే ఉంది. తర్వాత "డాక్టరమ్మకి తెలుసా?" అంది. తెలియదన్నాను. "మరి నాకు చెబితే నేనేం కుడతాను? ఆవిడకి చెప్పు. ఫోను లేదా నీ దగ్గర?" అంది. అంత విసుగు ఆవిడ గొంతులో మొదటిసారి విన్నాను. ఈ అరగంట సేపు నా చేతిలోనే ఫోను ఉంది.

ఫోను చేసి చెప్పాక డాక్టరమ్మ పది నిమిషాల్లో వచ్చింది, తడి జుట్టుతో, బ్యాగు ఇంకా భుజాన ఉంది. ఏమీ అడగలేదు, చీకటి గదిలోకి తీసుకెళ్ళి డిప్ప తీసి, దూది తీసి, గడ్డం ఆనించమని లైటు వేసింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎప్పుడూ ఆ లైటు సన్నటి గీతలా కంటి మీద పడి మెరుస్తుంది, నాకు ఇష్టం ఆ మెరుపు, కొత్త గాజులు గలగలమన్నంత ఇష్టం. ఇవాళ గీత పడ్డచోట బూడిదరంగు పొగ. పొగలో మడతలు, ఇస్త్రీ చెయ్యని దుప్పటిలా. నేను ఎవరెవరి కళ్ళల్లోనో చూసిన మడతలే, కానీ వాళ్ళు వేరేవాళ్ళు, వాళ్ళ పేర్లు కాగితాల మీద ఉండేవి, వాళ్ళెవరూ నాకు జడ వెయ్యలేదు.

"ఎంతసేపు పారింది?"

"పద్దెనిమిది నిమిషాలు."

"ఎంత సీసా ఖర్చయింది?"

"సగం కన్నా తక్కువ." ఇవన్నీ ఎంత బాగా గుర్తున్నాయి నాకు.

డాక్టరమ్మ లైటు ఆపకుండానే మాట్లాడింది. "నాకు తెలియకపోతే దీన్ని చూసి ఇన్‌ఫెక్షనేమో అనుకునేదాన్ని. మళ్ళీ కంట్లోకి సూది దించేదాన్ని. ఉన్నవి కూడా పోయేవి." తర్వాత అత్తయ్యతో, "అమ్మా, వాపు వచ్చింది. గంటకోసారి చుక్కలు వెయ్యాలి. కొన్ని కణాలు పోయి ఉంటాయి, ఎన్ని పోయాయో వాపు దిగాక లెక్కపెడితే గానీ తెలియదు. తేరుకోవచ్చు. తేరుకోకపోవచ్చు, నేను మాట ఇవ్వను." తర్వాత నాతో, మొహం చూడకుండా, "నేను రమ్మనేదాకా థియేటర్లోకి రాకు. హెడ్ సిస్టర్ దగ్గరికి వెళ్ళి రిజిస్టరులో నీ చేత్తో దిద్దు. ముందు ఈ చుక్క వెయ్యి." తనే వెయ్యచ్చు. సీసా నా చేతిలో పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

చీకటి గది, లైటు ఒక్కటే. అత్తయ్య గడ్డం ఎత్తి "ఇటు రా" అంది. వెళ్ళాను. ఇంకా దగ్గరికి అంది. ఆవిడ ఊపిరి నా మొహానికి తగిలేంత దగ్గరగా. చూసింది, ఎడమవైపు నుంచి, కుడివైపు నుంచి, సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు మెడ వంచి వంచి చూసింది. నేను కదల్లేదు. పౌడరు రాసుకున్నాను పొద్దున, ఆయన చెప్పకముందే రాసుకున్నాను.

"అబ్బే," అంది చివరికి, "ఇంకా మంచులోనే ఉన్నావే."

అప్పుడు వచ్చింది ఏడుపు. "ఏడిస్తే చెయ్యి కదులుతుంది, తర్వాత ఏడుద్దువుగాని" అంది, తల వెనక్కి వాల్చింది, రెప్పని తనే వేలితో కిందికి లాగి పట్టుకుంది. ఆ వేలి చివర సూది పోట్ల గరుకు. నేను సీసా మీద పేరు చదివాను. మళ్ళీ చదివాను. పైకి చదివాను, వినపడేట్టు. మూత తీశాను, తీసిన మూతని ఆవిడ రెండో చేతిలో పెట్టాను, ఆవిడ వేళ్ళు దాన్ని ఒకసారి తడిమి మూసుకున్నాయి.

"వేశావా?" అంది అత్తయ్య.

చుక్క మొన దగ్గర ఉబ్బుతోంది, అందులో లైటు తలకిందులుగా ఉంది, నేనూ ఉన్నట్టున్నాను. "ఇంకా లేదత్తయ్యా" అన్నాను. చుక్క ఇంకొంచెం బరువెక్కింది, ఊగింది, ఊడింది. పడడం చూశాను. కంటి మీద పరుచుకోవడం చూశాను. రెప్ప మూసుకోవడం చూశాను.

"వేశాను."